పరీక్షలైపోయాక వచ్చిన స్కాలర్‌షిప్

నా మొదటి సంవత్సరం స్కాలర్‌షిప్ నా ఖాతాలో పడేసరికి నేను రెండో సంవత్సరం సగంలో ఉన్నాను. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఇప్పటికీ గుర్తుంది. మొదటి సంవత్సరం ఫీజు కోసం నాన్న తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టాం. అసలు అలాగే ఉండిపోయింది. ఇచ్చినవాళ్ల లెక్కల్లో మాత్రం ఆ ఏడాది ఒక పేద విద్యార్థి చదువుకి సాయం అందింది. అందింది నిజానికి నాన్నకి అప్పిచ్చిన ఆయనకి. ఆయన్ని అనడానికేం లేదు, మంచి మనిషే, అడిగిన రోజున ఇచ్చాడు. స్కాలర్‌షిప్ ఆ పని చెయ్యలేకపోయింది.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, పై చదువులకి ఆర్థిక సాయం అనే మాట ఎక్కడ వచ్చినా వాదన రెండు ప్రశ్నల దగ్గరే తిరుగుతుంది. ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి. అందరికీ ఉచితం చెయ్యాలని ఒకరు, పన్నులు కట్టేవాడు పరాయి పిల్లల డిగ్రీలకి ఎందుకు కట్టాలని ఇంకొకరు, మార్కులు చూడాలని ఒకరు, ఆదాయం చూడాలని ఇంకొకరు. ఈ ప్రశ్నలు అక్కర్లేదని అనను. కానీ చేతిలో డబ్బు లేని ఇంట్లోంచి వచ్చి చదువుకున్నవాళ్లని ఎవరినైనా కూర్చోబెట్టి అడిగి చూడండి, వాళ్లు చెప్పే కథలో ఎంత వచ్చిందన్నది చివర్లో ఎక్కడో ఉంటుంది. ముందు వచ్చేది ఎప్పుడొచ్చింది, అది వస్తుందని ఎప్పుడు తెలిసింది, దాని కోసం ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది అన్న సంగతులే. నా గోల కూడా అదే. వస్తుందో రాదో చివరి నిమిషం దాకా తెలియని సాయం ఎంత పెద్దదైనా, అది ఎవరి కోసం పెట్టారో వాళ్లలో సగం మందికి లేనట్టే లెక్క. ఆ సగం మంది దాని మీద ఆశ పెట్టుకుని నిర్ణయం తీసుకోలేరు కాబట్టి.

కాలేజీకి ఒక క్యాలెండర్ ఉంటుంది. సాయం ఇచ్చేవాళ్లకి ఇంకో క్యాలెండర్ ఉంటుంది. సీటు వచ్చాక ఫలానా తేదీ లోపు ఫీజు కట్టకపోతే సీటు పోతుంది, ఇది కాలేజీ లెక్క. చేరాక అప్లై చేసుకోవాలి, చేరినట్టు కాలేజీ ధ్రువీకరించాలి, పైన ఎవరో పరిశీలించాలి, ఆ పైన ఇంకెవరో నిధులు విడుదల చెయ్యాలి, ఇది సాయం లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న నెలల ఖాళీని ఎవరు పూడ్చాలి? ఇంట్లో డబ్బుంటే ఇంట్లోవాళ్లు పూడుస్తారు. ఇంట్లో డబ్బుంటే ఈ అప్లికేషన్ పెట్టేవాళ్లమే కాదు కదా! ముందు మీరు కట్టండి, తర్వాత మేం తిరిగిస్తాం అనే పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, ఆయనకి జీవితంలో ఎప్పుడూ నెలాఖరు ఇబ్బంది వచ్చి ఉండదు.

మా కాలేజీలో ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్లు, సరిగ్గా పరీక్షలకి ముందు వారం. బోర్డు ముందు నిలబడి మన పేరు చూసుకుని, పక్కనున్నవాడు కూడా చూశాడా అని ఓరగా చూసి, ఏమీ పట్టనట్టు అక్కణ్ణుంచి జారుకోవడం మాలో కొంతమందికి బాగా అలవాటైపోయింది. హాల్ టికెట్ కోసం ఆఫీసుకి వెళ్తే, "నీ స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందయ్యా, రిలీజ్ అవ్వలేదు" అన్నారు. శాంక్షన్‌కీ రిలీజ్‌కీ మధ్య ఎంత దూరముంటుందో నాకు ఆ రోజే తెలిసింది. మా క్లాసులో ఒకడు ఆ దూరం దాటలేక మానేశాడు. నాకన్నా బాగా చదివేవాడు. వాడికి రావాల్సిన డబ్బు తర్వాత వచ్చిందో లేదో, వస్తే ఎక్కడికెళ్లిందో నాకు తెలీదు, అడగాలనిపించలేదు.

అమెరికాలో, అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ అని ఉంది. అక్కడ ప్రతి సెమిస్టర్ మొదట్లో ఫీజు పూర్తిగా కట్టలేదని విద్యార్థుల పేర్లు క్లాసుల్లోంచి తీసేసేవాళ్లు. ఎవరెవరు పోతున్నారో వివరంగా చూస్తే, వాళ్లలో చాలామంది చదువులో బాగానే ఉన్నారు, కొందరికి డిగ్రీ ఇంకో సెమిస్టర్‌లో అయిపోతుంది, బాకీ మాత్రం కొన్ని వందల డాలర్లు. 2011లో వాళ్లు చిన్న గ్రాంట్లు మొదలుపెట్టారు, సగటున 900 డాలర్ల దాకా. నాకు నచ్చింది ఆ మొత్తం కాదు. వాటికి అప్లికేషనే లేదు. యూనివర్సిటీ వాళ్లే తమ రికార్డులు చూసి, ఎవరు అంచు మీద ఉన్నారో గుర్తుపట్టి, ఫోన్ చేసి, మీ ఖాతాలో వేస్తున్నాం, క్లాసులకి రండి అని చెప్తారు. పిల్లవాడు డబ్బు లేదని ఎవరికీ చెప్పుకోవక్కర్లేదు. ఆ సంగతి చదివినప్పుడు మా నోటీసు బోర్డు గుర్తొచ్చింది. మా వాళ్ల దగ్గరా అదే సమాచారం ఉంది, అవే పేర్లు, అవే బాకీలు. దాన్ని వాళ్లు గోడకి అంటించారు, వీళ్లు ఫోన్ తీశారు.

ఇక ఫారాల సంగతి. దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

మా చెల్లెలి కూతురు పోయినేడాది డిగ్రీలో చేరింది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపడానికి నన్ను పిలిచింది, ఇంట్లో కంప్యూటర్ పని చేసేవాణ్ణి నేనేనని. రెండు డిగ్రీలున్నాయి, ఇరవై ఏళ్లుగా ఆఫీసు ఉద్యోగం, ఫారాలు నాకో లెక్కా అనుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంది, ఇంకోదాంట్లో వెనకుంది, మూడోదాంట్లో పొడి అక్షరం మాత్రమే ఉంది, కాబట్టి ముగ్గురూ వేరే వేరే మనుషులని ఆ సైట్ నిర్ణయించేసింది. ఆదాయం కాలమ్‌లో నెలదా ఏడాదిదా అని రాయలేదు. ఫోటో సైజు ఎక్కువైందంటే తగ్గించాం, తగ్గిస్తే స్పష్టంగా లేదంది. అన్నీ నింపి నొక్కితే సెషన్ అయిపోయింది, మళ్లీ మొదటి నుంచి రమ్మంది. మా చెల్లెలు వెనకాల నిలబడి "వద్దులే అన్నయ్యా, మనకి రాదులే" అంది. ఆ "రాదులే" దగ్గరే ఎంతోమంది ఆగిపోతారు. వాళ్లు ఏ లెక్కలోకీ రారు. తిరస్కరించిన అప్లికేషన్లకి లెక్క ఉంటుంది, పెట్టని అప్లికేషన్లకి ఉండదుగా.

ఇదేదో నా ఒక్కడి చిరాకు అనుకోకండి. దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో కాలేజీ సాయం కావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి, ఒకప్పుడు దాంట్లో వంద పైచిలుకు ప్రశ్నలుండేవి. 2008లో ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో కొందరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే పన్నుల సంస్థ ఆఫీసులకి పన్ను రిటర్నులు వేయించుకోవడానికి వచ్చే తక్కువ ఆదాయపు కుటుంబాల్లో కొందరికి, ఎలాగూ కంప్యూటర్‌లో ఆదాయ వివరాలు ఉన్నాయి కదా అని, అక్కడికక్కడే ఆ ఫారం నింపిపెట్టారు. కొద్ది నిమిషాల పని. స్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లల్లో, మామూలుగా వదిలేసిన కుటుంబాల్లో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తి చేసినవాళ్లు 28 శాతం, ఫారం నింపిపెట్టిన కుటుంబాల్లో 36 శాతం. ఒక్క డాలర్ కొత్తగా ఇవ్వలేదు, ఉన్న సాయమే, ఉన్న రూల్సే.

అదే ప్రయోగంలో ఇంకో గుంపు ఉంది. వాళ్లకి మీకు ఇంత సాయం రావచ్చు, అప్లై చేసుకోండి అని లెక్క చెప్పి, వివరాలిచ్చి పంపించారు, ఫారం మాత్రం నింపలేదు. వాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. అవగాహన సదస్సులు పెట్టే పెద్దలందరికీ ఈ రెండో గుంపు సంగతి ప్రింటు తీసి ఇవ్వాలని నాకో కోరిక. మన జనానికి అవగాహన లేదండీ అని మైకు పట్టుకుని చెప్పడం తేలిక. అవగాహన ఉన్నా ఆ ఫారం దగ్గర కూలబడతారని ఒప్పుకోవాలంటే ఫారం మార్చాలి, అది తయారు చేసింది తామేనని ఒప్పుకోవాలి.

ఇంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల ఉత్తరం. సూసన్ డైనార్‌స్కీ అనే ఆర్థికవేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు 2015లో మొదలుపెట్టిన ప్రయోగం ఇది. ఆ రాష్ట్రంలో బాగా చదివే, ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి స్కూలు చివరి ఏడాది మొదట్లోనే ఒక కవరు పంపారు. నీకు ఇక్కడ సీటు వస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు, ఇతర ఫీజులు ఉచితం, ఆ సాయానికి ఏ ఫారమూ నింపక్కర్లేదు, అంతే. ఉత్తరం అందనివాళ్లలో 26 శాతం ఆ యూనివర్సిటీకి అప్లై చేస్తే, అందినవాళ్లలో 68 శాతం చేశారు. చేరినవాళ్లు 12 శాతం నుంచి 27 శాతానికి వెళ్లారు. ఉత్తరం అందని పిల్లల్లో కూడా అత్యధికులు అప్లై చేసి సీటు తెచ్చుకుని ఉంటే వాళ్లకీ దాదాపు అదే సాయం దొరికేది! తేడా ఎక్కడుందంటే, ఒకరికి ముందే మాట ఇచ్చారు, ఇంకొకరికి "అర్హులైతే పరిశీలిస్తాం" అన్నారు. "పరిశీలిస్తాం" అన్న మాటని నమ్ముకుని ఏ తండ్రీ కూతుర్ని దూరపు కాలేజీకి పంపడు, పంపకపోవడం తెలివైన పనే కూడా.

ఇక్కడే ఒక పాయింటు ఆగి చెప్పాలి. డబ్బున్న ఇంట్లో రిస్కుకీ, లేని ఇంట్లో రిస్కుకీ పోలిక లేదు. ఉన్న ఇంట్లో స్కాలర్‌షిప్ రాకపోతే టూర్ ఒకటి మానేస్తారేమో. లేని ఇంట్లో రాకపోతే పిల్లవాడు మధ్యలో వెనక్కొస్తాడు, కట్టిన ఫీజు పోతుంది, చేసిన అప్పు మిగులుతుంది, చదివిన ఏడాదికి సర్టిఫికెట్ ఉండదు. అందుకే నాలుగేళ్లకీ ఖాయమైన చిన్న మొత్తం, ఏటేటా మళ్లీ నిరూపించుకోవాల్సిన పెద్ద మొత్తం కంటే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఏదో పేరు పెట్టి పిలుస్తారు. మా అమ్మ దాన్ని "నిద్ర పట్టడం" అనేది.

మిషిగన్‌లోనే కలమజూ అనే ఊరుంది. 2005 నవంబరులో అక్కడ పేరు చెప్పుకోని దాతలు కొందరు ఒక ప్రకటన చేయించారు. ఊరి ప్రభుత్వ బడుల్లో మొదటి నుంచీ చదివి బయటికొచ్చే ప్రతి పిల్లకీ రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు మొత్తం ఇస్తాం, తొమ్మిదో తరగతిలో వచ్చి చేరినా 65 శాతం ఇస్తాం. మార్కులు అడగలేదు, ఆదాయమూ అడగలేదు. ఒకటో తరగతి పిల్ల తల్లికి కూడా ఆ రోజు నుంచి తెలుసు, డబ్బు వల్ల ఆగిపోదని. ఆదాయం చూడకపోవడం సరైనదేనా అంటే నాకు అనుమానాలున్నాయి, డాక్టరుగారి పిల్లలకీ అదే ఇస్తున్నారు కాబట్టి. కానీ ఆ "ముందే తెలియడం" ఉంది చూశారూ, అది నాకు కావాలి.

నిజానికి ఇది కొత్త ఆలోచనేం కాదు. 1944లో అమెరికా ప్రభుత్వం యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం చట్టం చేసినప్పుడు, ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు నేరుగా కాలేజీకే కట్టింది, పైగా బతకడానికి నెలకి ఇంతని చేతికిచ్చింది, పెళ్లికానివాడికి మొదట్లో 50 డాలర్లు. సుమారు 22 లక్షల మంది ఆ దారిలో కాలేజీలకి వెళ్లారు. ఫీజు సైనికుడి చేతుల మీదుగా వెళ్లలేదు, ముందు నువ్వు కట్టి రసీదు పట్రా అని ఎవరూ అనలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకి ఆ చట్టం సగం కూడా పని చెయ్యలేదన్నది వేరే బాధ. కాగితం మీద వాళ్లకీ హక్కుంది, చేర్చుకునే కాలేజీలే చాలా తక్కువ. హక్కు రాసినంత మాత్రాన అందదని చెప్పడానికి అది కూడా ఉదాహరణే.

సరే, మార్కులకిచ్చే స్కాలర్‌షిప్పుల గురించి ఒక ముక్క. నేను వాటికి వ్యతిరేకిని కాను, బహుమతి బహుమతే, ఇవ్వండి. కానీ దాన్ని ఆర్థిక సాయం ఖాతాలో రాయకండి. జార్జియా రాష్ట్రంలో 1993లో హోప్ అని ఒక స్కాలర్‌షిప్ పెట్టారు, ప్రభుత్వ లాటరీ మీద వచ్చే డబ్బుతో. మంచి గ్రేడ్లుంటే చాలు, మొదట్లో ఉన్న ఆదాయ పరిమితిని కూడా రెండు మూడేళ్లలోనే ఎత్తేశారు. లాటరీ టికెట్లు కొనేవాళ్లెవరు, మంచి గ్రేడ్లు తెచ్చుకునే వీలున్న ఇళ్లు ఎవరివి అని ఒక్కసారి ఆలోచిస్తే డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో అర్థమైపోతుంది. ఎలాగైనా కాలేజీకి వెళ్లే పిల్లవాడికి ఇచ్చిన డబ్బు వాడు వెళ్లే కాలేజీని మారుస్తుందేమో గానీ, వెళ్లడమా మానడమా అన్నదాన్ని మార్చదు.

ఇప్పుడు అప్పు. కాలేజీలు పంపే "ఆర్థిక సాయం" ఉత్తరాల్లో గ్రాంటు, స్కాలర్‌షిప్, అప్పు మూడూ ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి రాసి, కింద మొత్తం వేసి, మీకు ఇంత సాయం అని చూపిస్తారు. అప్పు సాయమెలా అవుతుందండీ? అవసరానికి అప్పు పుట్టడం గొప్పే, కాదనను, మా నాన్న విషయంలో చూశాను. కానీ తిరిగి కట్టాల్సినదాన్నీ కట్టక్కర్లేనిదాన్నీ కలిపి కూడితే వచ్చే సంఖ్యకి అర్థం లేదు. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే సంస్థ, అక్కడ జీఏఓ అంటారు, 2022లో ఇచ్చిన నివేదికలో, విద్యార్థి చివరికి తన జేబులోంచి ఎంత పెట్టుకోవాలో ఆ ఉత్తరాల్లో చెప్పనివో, ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపించేవో 91 శాతం కాలేజీలని అంచనా వేసింది. 91 శాతం అంటే పొరపాటున జరిగేది కాదు.

భారతదేశంలో విద్యా రుణం తీసుకుంటే చదువు కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదా కట్టక్కర్లేదు. ఇది వినగానే చాలామంది తల్లిదండ్రులు అనుకునేది, అప్పటిదాకా వడ్డీ కూడా ఉండదని. ఉంటుంది. మీటరు మొదటి రోజు నుంచే తిరుగుతుంది. 2009లో తెచ్చిన కేంద్ర పథకం కింద ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకి, వృత్తి, సాంకేతిక కోర్సులకైతే, ఆ కాలపు వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది, అది మంచి పనే. కానీ ఆ గీతకి కాస్త అవతల ఉన్నవాడి సంగతి చూడండి. చదువైపోయి మొదటి వాయిదా కట్టే రోజున తను తీసుకున్నదానికన్నా ఎక్కువ బాకీ ఉన్నాడని తెలిసి బిత్తరపోతాడు. బ్యాంకులో సంతకాలు పెట్టేటప్పుడు ఈ ఒక్క లెక్క, నాలుగేళ్ల తర్వాత నువ్వు కట్టాల్సింది ఇంత అని ఒక్క సంఖ్య, పెద్ద అక్షరాలతో చూపించమనండి. ఒప్పందంలో ఎక్కడో ఉంటుంది, ఉండదని కాదు.

అప్పుని తక్కువ భయంకరంగా చేసే దారి ఒకటుంది, దాన్ని కనీసం ఒప్పుకోవాలి. ఆస్ట్రేలియాలో 1974 నుంచి యూనివర్సిటీ చదువు ఉచితంగా ఉండేది. 1989లో ఫీజు పెట్టారు, కానీ అప్పుడు ఎవరూ చేతి నుంచి కట్టక్కర్లేదు. చదువైపోయాక ఆదాయం ఒక స్థాయి దాటితేనే, పన్నుతో పాటు కోసుకుంటారు. దీన్ని రూపొందించిన బ్రూస్ చాప్మన్ ఆర్థికవేత్త. ఉద్యోగం పోతే వాయిదా దానంతటదే ఆగిపోతుంది, ఎవరి కాళ్లూ పట్టుకోవక్కర్లేదు. నాకు నచ్చేది ఇదే, ఫారం లేకపోవడం. పన్నుల శాఖకి ఆదాయం తెలుసు కాబట్టి కష్టం వచ్చిందని నిరూపించుకోవక్కర్లేదు. మామూలు బ్యాంకు అప్పుకీ దీనికీ తేడా వడ్డీ రేటులో కన్నా ఇక్కడే ఉంది.

అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోలేను. అక్కడ బాకీని ధరల పెరుగుదలతో పాటు పెంచుతారు, 2023లో ఒక్కసారే 7.1 శాతం పెరిగింది, కట్టినవాళ్ల బాకీ కూడా కట్టకముందు కన్నా ఎక్కువైపోయి గోలగోల అయ్యింది. తర్వాత పెంచే పద్ధతి మార్చారు, 2025లో అందరి బాకీల్లో 20 శాతం కొట్టేశారు. ఇంగ్లండ్‌లోనూ దాదాపు ఇలాంటి పద్ధతే. అక్కడ 1998లో వెయ్యి పౌండ్లతో మొదలైన ఫీజు 2012కల్లా 9,000కి చేరింది, 2016లో బతుకు ఖర్చుకిచ్చే గ్రాంటు తీసేసి దాన్నీ అప్పుగా మార్చారు, 2023 నుంచి చేరినవాళ్లకి బాకీ రద్దయ్యే గడువు 30 ఏళ్ల నుంచి 40 ఏళ్లకి పొడిగించారు. తర్వాత కడతారులే అన్న ధైర్యంతో ఫీజు పెంచడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది. నలభై ఏళ్లంటే, పిల్లవాడు తాతయ్యేదాకా.

మరి అందరికీ ఉచితం చేస్తే పోలేదా అంటారు. జర్మనీ చేసింది, 2014కల్లా అక్కడి రాష్ట్రాలన్నీ ట్యూషన్ ఫీజులు ఎత్తేశాయి. నాకు అభ్యంతరం లేదు. అయితే ఫీజు లేనంత మాత్రాన చదువు ఉచితం అవ్వదు, గది అద్దె, తిండి, పుస్తకాలు, అన్నిటికన్నా పెద్దది, ఆ మూడు నాలుగేళ్లు ఆ పిల్ల సంపాదించి ఇంటికి పంపలేకపోయిన జీతం. అందుకే అక్కడ కూడా 1971 నుంచి బాఫెగ్ అనే సాయం విడిగా ఉంది, సగం గ్రాంటు, సగం వడ్డీలేని అప్పు, ఎంత తీసుకున్నా తిరిగి కట్టాల్సింది 10,010 యూరోలు దాటదు. ఆ చివరి సంఖ్య నాకు ముచ్చటగా అనిపిస్తుంది. చేరేరోజే తెలుసు, ఎంత మునిగినా లోతు ఇంతేనని. ఉచితమా అప్పా అని కొట్టుకునేవాళ్లు ఈ సంఖ్య వైపు చూడరు, చూస్తే వాదన వేరేగా ఉండేది.

నేను ఇలా మాట్లాడితే ఒక స్నేహితుడు ఎప్పుడూ అనేదొకటుంది. "ఫారాలు తీసేస్తే దొంగ అప్లికేషన్లు వస్తాయిరా." వస్తాయి. ఇప్పుడు రావట్లేదా? దొంగ సర్టిఫికెట్ సంపాదించేవాడికి ఇంకో రెండు కాగితాలు సంపాదించడం కష్టమేం కాదు, వాడికి అదే పని. ఆ రెండు కాగితాల దగ్గర ఆగిపోయేది కూలి మానుకుని ఆఫీసుకి వచ్చిన తండ్రి. ఆదాయం వివరాలు ప్రభుత్వం దగ్గర ఒక శాఖలో ఉండగా, అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ ఆ వివరాలు రాసిన కాగితం మోసుకు రమ్మని పౌరుణ్ణి పంపడం ఏం తనిఖీ? రెండు బల్లల మధ్య ఫైలు తిప్పే పని పదిహేడేళ్ల పిల్లకి అప్పజెప్పడం తప్ప.

అయితే సులువు చేస్తామని బయల్దేరి పాడు చెయ్యడం కూడా సాధ్యమే, ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. 2020 చివర్లో అమెరికా ఫాఫ్సాని కుదించే చట్టం చేసింది. కొత్త ఫారం మామూలుగా అక్టోబరులో రావాలి, 2023 డిసెంబరు ఆఖరుకి గానీ రాలేదు, వచ్చాక కూడా తప్పులు. కాలేజీలకి ఆ వివరాలు చేరడం మొదలయ్యేసరికి 2024 మార్చి. ఎంత సాయం వస్తుందో తెలియకుండానే ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవాల్సిన పరిస్థితి. ప్రశ్నలు తగ్గాయి, తేదీలు పోయాయి. అదే మళ్లీ, క్యాలెండర్.

నాకు అధికారం లేదు గానీ, ఉంటే మొదట చేసేది ఒకటే. సాయం ఖాయమయ్యేదాకా ఆ విద్యార్థి దగ్గర ఆ భాగం ఫీజు అడగకూడదని రూలు పెడతాను. ఆలస్యం ఎవరి వల్ల జరుగుతోందో వాళ్లే దాని వడ్డీ భరించాలి. కాలేజీకి నిధులు ఆలస్యమైతే కాలేజీ, ఇచ్చే శాఖా తేల్చుకోనీ, ఇద్దరికీ ఆఫీసులున్నాయి, ఫోన్లున్నాయి, లాయర్లున్నారు. ఇప్పుడు ఆ గొడవ ఎవరి నెత్తిన ఉందంటే, ముగ్గురిలో ఏ బలమూ లేనివాడి నెత్తిన. సర్టిఫికెట్లు ఆపడం, హాల్ టికెట్ ఆపడం అన్నీ వాడి దగ్గర పని చేస్తాయి కాబట్టి వాడి మీదే ప్రయోగిస్తారు. రెండోది, స్కూల్లో ఉండగానే ఒక ఉత్తరం. నువ్వు ఈ చదువు చదివితే నీకు ఇంత వస్తుంది, ఇన్నేళ్లు వస్తుంది, నువ్వు ఏమీ పంపక్కర్లేదు. కాగితం మీద, పేరుతో, సంతకంతో. ఫోన్‌లో మెసేజ్ వద్దు, నాన్నలు మెసేజ్‌లు నమ్మరు.

ఆ రోజు నాన్నకి అలాంటి ఉత్తరం ఒకటి చూపించగలిగి ఉంటే ఆయన అప్పు చేసేవాడు కాదేమో. చేసినా, ఇన్ని నెలలే అని లెక్కేసుకుని చేసేవాడు. ఆ వడ్డీ విషయం ఆయన నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేను చాలా ఏళ్ల తర్వాత పాత డైరీలో ఆయన రాసుకున్న లెక్క చూశాను. ఒక పేజీ నిండా తేదీలు, ప్రతి తేదీ పక్కన ఒక చిన్న అంకె, పేజీ చివర "స్కా. వచ్చింది" అని రాసి కింద రెండు గీతలు.

ఇది రాస్తుండగానే మేనకోడలు ఫోన్ చేసింది. ఆ మూడు సాయంత్రాల అప్లికేషన్ ఇప్పటికీ "పరిశీలనలో ఉంది" అనే చూపిస్తోందట. రెండో సెమిస్టర్ ఫీజుకి శుక్రవారం లాస్ట్ డేట్. "డబ్బు నేను కడతాలే, నువ్వు టెన్షన్ పడకు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు కట్టేస్తే అది వచ్చాక నీకిచ్చేస్తాను మామయ్యా, రాసిపెట్టుకో" అంది.

రాసిపెట్టుకున్నాను, తేదీతో సహా.